చెట్టా, మనిషా?

దొరైసామి నాయకర్‌కి లోకంలో అన్నీ తెలుసు. చెట్టుకీ మనిషికీ తేడా ఒక్కటే తెలియదు.

ఆయన తోటలో కాఫీ పొదలు లెక్కలేనన్ని. వాటి జోలికి ఆయన పోలేదు. కానీ నీడనిచ్చేదీ, మిరియాల తీగను మోసేదీ, జాజికాయ కాసేదీ, పనస పండేదీ, తలెత్తి చూడాల్సిన ప్రతి చెట్టుకీ ఒక మనిషి పేరుంది. ఆ పేరుతోనే పిలుస్తాడు, తిడతాడు, కుశలం అడుగుతాడు. అంతటితో ఆగితే ముద్దుగానే ఉండేది. ఆ చెట్టు సంగతులన్నీ తెచ్చి, ఆ పేరుగల మనిషి వింటూ ఉండగానే, ముందూ వెనకా ఏమీ చెప్పకుండా నలుగురిలో పెడతాడు.

"మారిసామికి చంకలో చెద పట్టింది" అంటాడు, మేస్త్రీ మారిసామి ఎదురుగా నిలబడి ఉండగా. మారిసామి చెయ్యెత్తి చంక చూసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తోటలో ఉన్నవాడు, ఆ మాట చెట్టు గురించేనని తెలిసినవాడు. అయినా చూసుకుంటాడు. ఎందుకైనా మంచిదని.

ఆ తోట నాయకర్ తాత కొన్నది. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తీ మినుమూ పండించుకునే మనిషి ఆయన. ఒక యేడు పత్తి విరగకాసింది. దాన్ని విరుదునగర్‌లో అమ్మి, ఇంటికి రావాల్సిన మనిషి బండి అటే తోలుకుని పళని కొండల దిగువకు పోయి, మబ్బు వచ్చి కూర్చునే వాలు ఒకటి కొనేసి, ఇరవై రోజులకు ఇల్లు చేరాడట. అప్పటికే ఇంట్లో సగం ఏడుపులు అయిపోయాయి. ఆయన కాఫీ పెట్టాడు. కొడుకు మిరియం ఎక్కించాడు. మనవడు దొరైసామి ఏలకులూ జాజీ పెంచాడు. పంట కొండ మీద పండుతుంది, కోవిల్‌పట్టి మిద్దె మీద ఎండుతుంది. పైన మంచు ఎక్కువ, ఎండ తక్కువ. ఇక్కడ ఎండకు లోటే లేదు.

పేరుచెట్టు ఆచారం కూడా తాత పెట్టిందే. ఇంట్లో బిడ్డ పుడితే ఒక మొక్క, కోడలొస్తే ఒక మొక్క. పేరుచెట్టు నిలిచి ఉన్నన్నాళ్ళు ఆ మనిషికి తోటలో చోటు ఉన్నట్టే, దాన్ని కొట్టేస్తే పేరు కొట్టేసినట్టే. దొరైసామి నాయకర్ చేతికి వచ్చేసరికి ఈ ఆచారానికి హద్దు లేకుండా పోయింది. పనివాళ్ళకు పెట్టాడు, వాళ్ళ పిల్లలకు పెట్టాడు, కాఫీ లారీ తోలేవాడికి పెట్టాడు, ఒకసారి పన్ను పీకిన డాక్టరుకు కూడా పెట్టాడు. అది ముళ్ళ చెట్టు. ఆయన సొంత పేరుచెట్టు మాత్రం తాత నాటిన నేరేడు. కొండ ఇంటి ముందు దారికి అడ్డంగా వంగి ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దానికి తల కొట్టుకోవలసిందే. "దొరైసామి శానా మొండోడు, పక్కకు జరగడు" అని ఆయనే నవ్వుతాడు.

ఇంటి పెద్ద కోడలు సుధాలక్ష్మి. ఈ అలవాటు దెబ్బ ఆమె ఆ ఇంటికి రాకముందే తిన్నది. ఆమె పుట్టిల్లు అరుప్పుకోట్టై, పవర్‌లూం మగ్గాల ఇల్లు. పెళ్ళిచూపులకు పెద్దవాళ్ళు ముందు బస్సులో దిగారు, పెళ్ళికొడుకు హరికృష్ణన్ వెనక బస్సులో వస్తున్నాడు. సుధాలక్ష్మి నాన్న మర్యాదకు అడిగాడు, హరికృష్ణన్ ఎట్లా ఉన్నాడని.

నాయకర్ కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "నిటారుగా పెరిగినాడు. నలభై అడుగులుంటాడు. పోయిన వానకు నడుము కాడ చీలినాడు, తారు పూసి తాడు కట్టినాము. ఇప్పుడేమీ బాధ లేదు. మిరియం కూడా వాడి మీద బాగా పాకతా ఉండాది."

నాయకర్ భార్య రుక్మణి తల పట్టుకుని, అది చెట్టు, పిల్లోడు వేరే, పిల్లోడికి నడుము బాగానే ఉందని మూడు సార్లు చెప్పుకోవలసి వచ్చింది. తరువాతి బస్సులో హరికృష్ణన్ దిగాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే అందరి చూపూ ముందు ఆయన నడుము మీదికే పోయింది. పెళ్ళయ్యాక ఒకనాడు ఆయన అడిగాడు, ఆవేళ నువ్వు నన్ను చూసి ఏమనుకున్నావని. సుధాలక్ష్మి మాటలు తక్కువ మనిషి. "తారు ఏడ పూసినారా అని చూసినా" అంది.

రామానుజం సంగతి అయితే ఆ వైపు ఊళ్ళన్నిటికీ తెలుసు. రామానుజం రుక్మణి అన్న, కయత్తారులో ఉంటాడు. ఒక పొద్దున కొండ మీద నుంచి ఫోను. గాలికి సగం మాట వినిపిస్తుంది, సగం వినిపించదు. "రామానుజం పడిపోయినాడు. వేళ్ళతో సహా పైకొచ్చేసినాడు. ఇంక లేవడు" అన్నాడు నాయకర్. వేళ్ళ ముక్క గాలికి పోయింది. మిగిలిందంతా రుక్మణి చెవిన పడింది.

వ్యాను మాట్లాడారు. పెద్ద మాల ఒకటి కొన్నారు. కోవిల్‌పట్టి దాటుతూనే మొదలైన ఏడుపు కయత్తారు గాలిమరల దాకా ఆగలేదు. ఆ వేళకు రామానుజం విరుదునగర్‌లో ఉన్నాడు. నూనెలో కాల్చిన పరోటా కడుపారా తిని, ఇంటికి నాలుగు పొట్లం కట్టించుకుని తిరిగొచ్చాడు. తన గుమ్మం ముందు ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ ఉంటే ఆయనకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్లం కింద పెట్టి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న మనిషిని ఎవరు పోయారని అడిగాడు.

"రామానుజం అన్న" అన్నాడు వాడు, తలెత్తకుండా.

"అయ్యో పావం. ఏ రామానుజం?" అన్నాడు రామానుజం.

పడిపోయింది ముప్పై ఏళ్ళ పనసచెట్టు. ఆ తరువాత నాయకర్‌ను నిలదీస్తే, "నాకూ ఏడుపు వచ్చింది, మీకు రాకుండా ఉంటుందా?" అన్నాడు తప్ప తప్పు ఒప్పుకోలేదు. రామానుజానికి మాత్రం ఒక్కటే కోపం. "నా చావుకు పదకొండు మందే వచ్చినారు" అని ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ ఆ రాని వాళ్ళను పేరుపేరునా అడుగుతాడు.

ఆ రోజు నుంచి రుక్మణి ఫోనెత్తితే హలో అనడం మానేసింది. "చెట్టా, మనిషా?" ఇదే మొదటి మాట. కొండ నుంచి ఎవరు మాట్లాడినా ఇదే. రాను రాను అలవాటు ముదిరి, అప్పు కావాలా అని ఫోను చేసే అమ్మాయిలను కూడా "చెట్టా, మనిషా?" అని అడుగుతుంది. వాళ్ళు వెంటనే పెట్టేస్తారు. ఆ ఒక్క లాభమైతే ఉంది.

అందరికంటే ఎక్కువ అవమానం పడ్డవాడు చిన్న కొడుకు పాండీశ్వరన్. విరుదునగర్‌లో కాఫీ, మిరియాలు, ఏలకుల కొట్టు ఆయనదే. దిట్టమైన మీసం, తెల్లటి చొక్కా, నలుగురు వ్యాపారులు చుట్టూ కూర్చునే మనిషి. కొండ ఎక్కితే జలగలు పడతాయని చిన్నప్పటి నుంచీ భయం. జాజికాయ గోనెసంచిలో పుడుతుందనే అనుకునేవాడంటే ఆయన మీద కాస్త ఎక్కువ చెప్పినట్టే, కానీ మరీ ఎక్కువ కాదు. ఆయన పుట్టినప్పుడు నాటింది ఒక జాజిచెట్టు. నాయకర్ ఎప్పుడు కొట్టుకు వచ్చినా ఆ వ్యాపారుల మధ్య కూర్చుని సంతోషంగా చెబుతాడు.

"మా పాండీశ్వరన్ ఈ యేడు వెయ్యి దాకా కాసినాడు. ఒళ్ళంతా కాయలే. మొయ్యలేక కిందికి వంగిపోయినాడు."

వ్యాపారులు పాండీశ్వరన్ బొజ్జ వైపు చూసి, మీసాల్లో నవ్వుకుని, ఏలకుల ధర మరిచిపోతారు. తన పేరు తీసెయ్యమని కొడుకు ఎన్నో సార్లు బతిమాలాడు. "ఎట్ల తీసేది నాయనా? పిలిస్తే పలకతా ఉండాడు గదా" అన్నాడు నాయకర్.

పెద్ద కొడుకు హరికృష్ణన్ తండ్రితో పాటే కొండ మీద. సుధాలక్ష్మి కోడలై వచ్చిన యేడు ఆయనే తన చేత్తో ఒక జాజిమొక్క పెట్టాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మొక్క మాత్రం పెరిగింది. ఏడేళ్ళకు పూతకొచ్చిందని నాయకర్ ఫోను చేసిన నెలలోనే, వారం రోజుల జ్వరానికి హరికృష్ణన్ పోయాడు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట.

నెల తిరిగాక కొండ నుంచి ఫోను మోగింది. రుక్మణి మంచం మీద నుంచి లేవలేదు. సుధాలక్ష్మి తీసింది.

"హరికృష్ణన్ చిగురేసినాడమ్మా" అన్నాడు నాయకర్.

ఆమె చెట్టా మనిషా అని అడగలేదు. ఫోను చెవికి పెట్టుకుని గోడనానుకుని చాలా సేపు నిలబడింది. అవతల ఆయనా పెట్టెయ్యలేదు. చివరికి ఆమే, "తీగ ఎట్లుంది మామా?" అంది. ఆయన పావుగంట చెప్పాడు. తీగ ఎంత ఎత్తు పాకింది, ఏ కణుపు కాడ గుత్తి దిగింది, ఏ పిట్ట వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి కొండ ఫోను సుధాలక్ష్మిదే అయిపోయింది.

ఆ యేటి జాజికోతకు నాయకర్ ఒక బుట్ట విడిగా పంపాడు. "ఇది సుధాలక్ష్మి కాసింది. వేరే వాటిలో కలపొద్దు" అని చీటీ. ఆమె మిద్దె మీద కూర్చుని ఆ కాయలు వలిచి, గింజకు చుట్టుకున్న ఎర్రటి జాపత్రిని చిరగకుండా తీసి, అరచేతుల మధ్య అదిమి, చాప మీద ఆరబెట్టింది. ఎర్రటిది నాలుగు రోజుల ఎండకు పసుపు తిరిగి, తేనె రంగుకు వచ్చింది. విరుదునగర్‌లో పాండీశ్వరన్ కొట్టుకు వచ్చేవాళ్ళు ఆ జాపత్రిని చూసి ఎవరి చేతి పని అని అడిగి మరీ కొన్నారు. ఏటా అంతే. ఏటా ఒక బుట్ట విడిగా, ఏటా ఆ చీటీ. ఫోనులోనూ అదే మాట. "సుధాలక్ష్మి పూత చూడాలమ్మా, చెట్టంతా గుత్తులే." పిల్లలు లేరే పావం అని ఇంటికి వచ్చి చెంగు నోట్లో పెట్టుకునే చుట్టాలకు రుక్మణి ఆ బుట్ట చూపించేది. మా కోడలు ఎంత కాసిందో చూడండని. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

నాయకర్ అడిగేవీ వింతగానే ఉండేవి. ఒక వానాకాలం ఫోను చేసి, తోటలో కూలి చేసే ఇసక్కియమ్మాళ్ తడిసిపోతున్నదనీ, వేరు కుళ్ళేలా ఉందనీ, లారీలో ఆరు రేకులు పంపమనీ అన్నాడు. చెట్టా మనిషా అంటే చెట్టే అన్నాడు. చెట్టుకు రేకులేమిటని రుక్మణి నవ్వి నవ్వి పంపింది. ఇంకోసారి మారిసామికి చలి ఎక్కిందనీ, మందపాటి కంబళి ఒకటి పంపమనీ అడిగాడు. అదీ చెట్టే. మీ నాయన చెట్లకు కంబళ్ళు కప్పుతున్నాడురా, ఇక స్వెట్టర్లు అల్లాలేమో అని రుక్మణి కొడుకుతో అంది.

పాండీశ్వరన్ నవ్వలేదు. ఆయనకు దిగులు. నాయనకు డెబ్బై ఎనిమిది వచ్చాయి, అన్న లేడు, కొండ మీద ఏమైనా అయితే చూసే దిక్కు లేదు. చుట్టాలంతా అదే మాట. తోటకు మొగదిక్కు లేకుండా పోయింది, ఎవరికైనా కౌలుకిచ్చి పెద్దాయనను దించుకోండి. పాండీశ్వరన్ చెడ్డవాడు కాదు. కౌలుకు ఇచ్చే ముందు తోటను బాగు చేద్దామనుకున్నాడు. కాయని చెట్లు తీసేసి అంటుమొక్కలు పెడితే మూడేళ్ళలో కాపుకొస్తాయని నర్సరీవాళ్ళు ఫోనులో చెప్పారు. పోయిన ఆషాఢంలో, సాక్సులకు ఉప్పు రాసుకుని, పుష్కరం తరువాత కొండెక్కాడు. మొదట నేరేడుకు తల కొట్టుకున్నాడు. ఆ తరువాత పదకొండు చెట్ల జాజి వాలుకు పోయాడు.

మూడోరోజు కోవిల్‌పట్టి మిద్దె మీదికి వచ్చాడు. సుధాలక్ష్మి ఆ యేటి బుట్ట ముందు పెట్టుకుని జాపత్రి అదుముతూ ఉంది. రుక్మణి పక్కనే చాప సర్దుతూ ఉంది. పాండీశ్వరన్ కాసేపు మీసం నిమురుకుని, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. పచ్చటి చెట్టు, మొదలు మీద ఎర్ర రంగుతో పెద్ద గుర్తు. కొట్టెయ్యాల్సిన చెట్టుకు వేసే గుర్తు.

"తప్పుగా అనుకోవద్దు వదినా. ఇది నీ పేరుచెట్టు. దీని కింద ఒక్క కాయ లేదు, ఒక్క తొక్క లేదు. కొమ్మ కొమ్మా చూసినా. నాలుగేళ్ళుగా నాయన నీదని పంపిన బుట్టలో ఒక్క కాయ కూడా దీనిది కాదు. మారిసామిని అడిగితే మొగం పక్కకు తిప్పుకున్నాడు."

సుధాలక్ష్మి తన అరచేతుల వైపు చూసుకుంది. జాపత్రి రంగు అంటి ఎర్రగా ఉన్నాయి. అయితే ఈ నాలుగేళ్ళూ ఊరికే, జాలికి. తనకు తెలియకుండా పక్క చెట్ల కాయలు తెచ్చి ఒళ్ళో పోశారు. చుట్టాలు అనే మాటే నిజం, దాని మీద బుట్ట కప్పారు. అరుప్పుకోట్టై నుంచి ఆమె అన్న రెండేళ్ళుగా పిలుస్తూనే ఉన్నాడు, ఇక్కడికి వచ్చెయ్, పిల్లలను చూసుకుంటూ ఉండు అని. మంచివాడే. ఆమే ఏదో ఒకటి చెప్పి ఆగింది. ఆగడానికి ఉన్న కారణం ఆ బుట్టే.

"కొట్టెయ్యనీ మరిదీ. నేను అన్న ఇంటికి పోతాను" అంది. చేతులు కడుక్కోవడానికి లేచింది. నాలుగేళ్ళలో ఆమె జాపత్రిని సగంలో వదిలి లేవడం అదే మొదలు.

రుక్మణి ఫోను తీసి కొండకు చేసింది. అవతల నాయకర్ ఇంకా నోరు విప్పకముందే చెప్పింది. "చెట్టు కాదు. ఇది మనిషి సంగతి. దిగి రా."

మరునాడు మధ్యాహ్నం బస్సుకు నాయకర్ దిగాడు. చేతిలో తడిగోనెలో చుట్టిన కొమ్మ. మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చి, ఎండలో నిలబడి, రొప్పుతూనే అడిగాడు.

"ఎవురురా మా సుధాలక్ష్మికి నొసట ఎర్రబొట్టు పెట్టినది?"

"నేనే నాయనా. కాయని చెట్టు ఎందుకు? అది పోతే అంటుమొక్క పెట్టొచ్చు."

"పెట్టు. మిగిలిన పదిటినీ కొట్టేసి పదకొండు పెట్టు. ఒకటి కొడితే పదకొండూ కొట్టినట్టే."

పాండీశ్వరన్‌కు అర్థం కాలేదు. నాయకర్ గోనె విప్పి కొమ్మ చాప మీద పెట్టాడు. కొమ్మ నిండా గుత్తులు గుత్తులుగా చిన్న పసుపు పూలు. తోటలో మిగిలిన జాజులకు పువ్వు ఒంటిగా వస్తుంది, ఈ కొమ్మకు గుంపులుగా వచ్చింది.

"నీ కొట్టులో సంచి తెలుసు నీకు, చెట్టు తెలీదు. జాజిలో ఆడా మగా ఉండాది నాయనా. పూతకు వచ్చేదాకా ఏది ఏదో ఆ దేవుడికీ తెలీదు. అన్నీ మొలకలప్పుడే పేర్లు పెట్టేస్తిమి. ఈమె పేరు పెట్టింది మొగోడై కూర్చున్నాడు. నీ పేరు పెట్టింది..."

ఆయన ఆగాడు. కానీ రుక్మణి ఆగలేదు.

"అదీ సంగతి. వెయ్యి కాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది" అంది.

పాండీశ్వరన్ చెయ్యి తనంతట తానే మీసం మీదికి పోయింది, అది ఉందో లేదో అన్నట్టు.

సుధాలక్ష్మి మిద్దె అంచున వీపు తిప్పుకుని నిలబడి ఉంది. "మరి ఏల చెప్పలేదు మామా?" అంది.

"కాయదంటే ఊరు నిన్ను అంటుంది. మొగచెట్టంటే ఊరు నవ్వుతుంది. నీకు అప్పుడు రెండూ వొద్దనుకున్నా. మారిసామికి కూడా చెప్పినా, నోరు విప్పితే వాడి చెట్టు కొట్టేస్తానని."

"అందుకని అబద్దం చెప్పినారు. పక్క చెట్ల కాయలు తెచ్చి నావని."

"అబద్దమా?" నాయకర్‌కు నిజంగానే కోపం వచ్చింది. "ఆ కొండ మీద చుట్టూ నాలుగు మైళ్ళలో వేరే మొగజాజి లేదు, ముందున్న ముసలిది నువ్వు పూసిన యేడే ఎండిపోయింది. ఆ పది చెట్లూ కాస్తా ఉండేది ఎవురి పుప్పొడికమ్మా? అది లేని నాడు ఏరి తెచ్చి ఇయ్యి చూద్దాం ఒక్క కాయ. పది చెట్ల కాయా నీదే. నేను ఒక్క బుట్టే నీదని చెప్పినా. అంత వరకు తప్పే, తక్కువ చెప్పినా."

కింద వీధిలో వేరుశనగల కడలమిఠాయి బండి గంట కొట్టుకుంటూ పోయింది. సుధాలక్ష్మి వెనక్కి తిరిగింది. మామగారిని చూసింది, చాప మీది కొమ్మను చూసింది, చివరికి పాండీశ్వరన్‌ను చూసింది. ఆయన చెయ్యి ఇంకా మీసం మీదే ఉంది. ఒళ్ళంతా కాయలే, మొయ్యలేక వంగిపోయినాడు అన్న మాట గుర్తొచ్చినట్టుంది. ముందు పెదవి కొరుక్కుంది, తరువాత చెంగు అడ్డం పెట్టుకుంది, ఏదీ ఆగలేదు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో వినబడని నవ్వు అది. రుక్మణి కూడా అందుకుంది. చివరికి పాండీశ్వరన్‌కూ తప్పలేదు.

నవ్వులు ఆగాక నాయకర్ కొడుకు వైపు తిరిగాడు.

"తోటకు మొగదిక్కు లేదు, మొగదిక్కు లేదు అని నువ్వూ మీ రామానుజం మామా ఒకటే పాట. ఎవురు లేదన్నది? ఆ కొండ మీది జాజులకు ఒకే ఒక మొగదిక్కు, అది సుధాలక్ష్మి. ఇక్కడ మిద్దె మీద కూర్చోపెట్టి ఉండాము. పైకి పంపించు."

ఆ మాట ఆయన చెట్టు గురించి అన్నాడో మనిషి గురించి అన్నాడో ఎవరూ అడగలేదు. సుధాలక్ష్మి సగంలో వదిలిన జాపత్రి ముందు మళ్ళీ కూర్చుంది. అదంతా అదిమి, ఆరబెట్టి, అరుప్పుకోట్టైకి ఫోను చేసి, "నేను రావడం లేదన్నా, నాకు కొండ మీద పని ఉంది" అని చెప్పింది. వారానికి పైకి పోయింది.

నాలుగేళ్ళ తరువాత ఆమె తోటను చూడటం. పనివాళ్ళ వరస ఇళ్ళ దగ్గర లారీ దిగింది. మొదటి ఇంటి కప్పు మీద ఆరు కొత్త రేకులు మెరుస్తున్నాయి. గుమ్మంలో ఇసక్కియమ్మాళ్ పొడిగా, హాయిగా కూర్చుని మిరియాలు నూరుతోంది. పక్కింటి అరుగు మీద మారిసామి మందపాటి కంబళి కప్పుకుని దగ్గుతున్నాడు. సుధాలక్ష్మి ఆ రంగు గుర్తుపట్టింది. తను మడత పెట్టి పంపిన కంబళే.

"అది చెట్టుకు గదా అన్నా పంపింది?"

మారిసామి సిగ్గుపడ్డాడు. "పెద్దాయన చెట్టుకనే తెచ్చినాడమ్మా. చెట్టు కప్పుకోవడం లేదు, నువ్వన్నా కప్పుకో అన్నాడు. నాకని ఇస్తే నేను తీసుకుంటానా? చెట్టు వద్దన్నదాన్ని ఎట్ల కాదనేది?"

ఆమె వరసంతా నడిచింది. ప్రతి ఇంట్లో ఏదో ఒక చెట్టు వద్దన్న వస్తువు కనిపించింది. లారీ తోలేవాడి చెట్టు వద్దన్న కళ్ళజోడు. ఇసక్కియమ్మాళ్ కూతురి చెట్టు వద్దన్న బడి సంచి. ఇన్నేళ్ళుగా తామంతా కోవిల్‌పట్టిలో కూర్చుని నవ్వి నవ్వి పంపినవి.

జాజి వాలులో ఆమె చెట్టు నిలబడే ఉంది. పాండీశ్వరన్ వేసిన ఎర్ర గుర్తు కడిగినా పోలేదు. ఆడవాళ్ళు దాని చుట్టూ పసుపు పూసి బొట్టు చేసేశారు. కొత్తగా వచ్చిన కూలీలు ఎవరో అమ్మవారనుకుని దండం పెట్టుకుంటున్నారు. ఒకడు టెంకాయ కూడా కొట్టాడు. సుధాలక్ష్మి వద్దని చెప్పబోయి ఊరుకుంది. టెంకాయ ముక్క తీసుకుని తిన్నది. హరికృష్ణన్ నలభై అడుగులకు పైనే ఉన్నాడు. నడుము దగ్గర తారు మచ్చ ఇంకా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చూసింది. చివరికి అది ఎక్కడ పూశారో చూసింది.

ఇప్పుడు జాజి వాలూ ఏలకుల గట్టూ ఆమె చూసుకుంటుంది. పాండీశ్వరన్ కౌలు మాట ఎత్తడం లేదు. కొట్టుకు తండ్రి వస్తే మాత్రం ఇప్పటికీ లోపలికి పోతాడు.

పోయిన వారం కొండ మీద ముసురు పట్టింది. పొద్దున్నే కోవిల్‌పట్టిలో ఫోను మోగింది. రుక్మణి తీసింది. సుధాలక్ష్మి.

"అత్తా, దొరైసామి చెప్పిన మాట వినడం లేదు. తెల్లారినప్పటి నుంచి వానలోనే నిలబడి ఉండాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయినాడు. పక్కకు రమ్మంటే జరగడు."

"చెట్టా, మనిషా?" అంది రుక్మణి.

సుధాలక్ష్మి కిటికీ లోంచి చూసింది. దారికి అడ్డంగా వంగిన నేరేడు. దాని కింద, దాని మాదిరే వంగి, తల మీద గోనె కప్పుకుని, ఎవరినో పేరు పెట్టి తిడుతున్న మామ.

"రెండూ అత్తా" అంది.